చదివింపులూ, చదువరులూ

మన పెళ్ళిళ్ళలో చదివింపులనే ఆచారమొకటున్నది. పందిట్లో ఒక మూల చిన్న బల్ల వేసుకొని, బంధువర్గంలో కాస్త దస్తూరీ బాగుండి, మరికాస్త నిబ్బరమూ ఉన్న పెద్దమనిషి ఒకాయన నోటుపుస్తకం ముందు పెట్టుకొని కూర్చుంటాడు. వచ్చినవారు కవరు చేతికిస్తారు. ఆయన పేరూ, ఊరూ, మొత్తమూ వ్రాసుకుంటాడు. "ఫలానావారు నూట పదహార్లు" అని అందరికీ వినబడేట్లు చదివే రోజులు చాలాచోట్ల పోయినా, పేరు మాత్రం చదివింపులుగానే నిలిచిపోయింది. పెళ్ళయ్యాక ఆ పుస్తకాన్ని బీరువాలో భద్రంగా దాస్తారు. రేపు ఆ ఇచ్చినవారి ఇంట్లో శుభకార్యమైతే దాన్ని బయటికి తీసి, వారెంత చదివించారో చూసుకొని, అంతకు తక్కువ కాకుండా మనమూ చదివించాలి గనుక.

ఇందులో తప్పు పట్టవలసిందేమీ లేదు. ఒక్క ఇంటి మీద పడే ఖర్చును పదిళ్ళవారూ పంచుకొనే పాత ఏర్పాటిది. అయితే ఆ పుస్తకంలో ఎన్ని పేర్లున్నాయో లెక్కపెట్టి, "ఇంతమంది చదివించారు కాబట్టి ఈ దంపతులు అన్యోన్యంగా ఉంటారు" అని తీర్మానించే అమాయకుడెవడూ మన సమాజంలో లేడు.

కథల జాలస్థలాల్లో మాత్రం అటువంటి అమాయకత్వం రాజ్యమేలుతున్నది. అక్కడ కొత్తగా అడుగుపెట్టిన రచయితకు "పాఠకుల్ని సంపాదించుకోవడం ఎలా?" అన్న ప్రశ్నకు జవాబుగా, ముందు వచ్చినవారు నేర్పుతున్న విద్య చదివింపుల విద్యే. నువ్వు నా కథ తెరిచి ఐదు చుక్కలిస్తే, నేను నీ కథ తెరిచి ఐదు చుక్కలిస్తాను. నా పుస్తకంలో నీ పేరుంటుంది, నీ పుస్తకంలో నా పేరుంటుంది. ఈ పద్ధతి రచయితకు పాఠకుల్ని సంపాదించిపెట్టదనీ, ఉన్న కొద్దిమందిని కూడా పోగొడుతుందనీ, అంతకుమించి ఇది సాటి రచయిత పట్ల ద్రోహమనీ నా వాదన. ఈ మాట గట్టుమీద నిలబడి అంటున్నది కాదు. ఆ బురదలో నేనూ పదమూడు నెలలు పొర్లాను.

1

నేను ఉద్యోగరీత్యా లెక్కలు వ్రాసేవాణ్ణి. నలభయ్యేడో యేట, 2021 వేసవిలో, ఇరవైనాలుగు భాగాల నవల ఒకదాన్ని ఒక జాలస్థలంలో ధారావాహికగా ప్రచురించడం మొదలుపెట్టాను. ఆ స్థలం పేరు ఇక్కడ అనవసరం, ఈ జాడ్యం ఏ ఒక్కరి సొత్తూ కాదు గనుక. మొదటివారంలో నా మొదటి భాగాన్ని తెరిచినవారు పదకొండుమంది. వారిలో ఆరుగురు నా బంధువులు. మిగిలిన అయిదుగురిలో ఒకరు, "కథ బాగుంది, నా కథలు కూడా చదవగలరు" అని వ్యాఖ్యానించి వెళ్ళారు.

ఆ స్థితిలో ఒక పరిచయస్థుడు నామీద జాలి తలచి, నన్నొక వాట్సాప్ బృందంలో చేర్పించాడు. దాని ఉద్దేశం "పరస్పర ప్రోత్సాహం". సభ్యులం ముప్ఫైమందిమి. నియమాలు మూడు. ఒకటి, వారంలో ప్రతివారూ రెండు భాగాలు ప్రకటించవచ్చు, తక్కినవారు వాటిని తప్పక చదవాలి. రెండు, ఐదు చుక్కలకు తగ్గకూడదు, వ్యాఖ్య రెండు పంక్తులకు తగ్గకూడదు. మూడు, "ప్రతికూల వ్యాఖ్యలు నిషిద్ధం". ఆదివారం రాత్రి తొమ్మిదింటికి బాకీదారుల జాబితా విడుదలయ్యేది.

లెక్కలవాణ్ణి కాబట్టి ఒక లెక్క చెబుతాను. నన్ను మినహాయిస్తే 29 మంది. తలా రెండు భాగాల చొప్పున 58 భాగాలు. భాగానికి సుమారు 1,200 మాటలు, అంటే మొత్తం 69,600 మాటలు. నిమిషానికి 150 మాటల చొప్పున చదివినా 464 నిమిషాలు, అనగా ఏడు గంటల నలభైనాలుగు నిమిషాలు. వ్యాఖ్యలు వ్రాసే సమయం ఇందులో కలపలేదు. మరి నేను ఆ బాధ్యతను ఎంతసేపట్లో నెరవేర్చేవాణ్ణి? ఆదివారం భోజనమయ్యాక, మంచం మీద వాలి, నలభై నిమిషాల్లో. తెరవడం, చివరికంటా వ్రేలితో జార్చడం, చుక్కలు నొక్కడం, చరవాణిలో ముందే వ్రాసిపెట్టుకొన్న పదిహేను వ్యాఖ్యల్లోంచి ఒకటి అతికించడం. "పాత్రచిత్రణ కళ్ళకు కట్టిందండీ." "మీ కలానికి వందనం." "తరువాతి భాగం కోసం వేయి కళ్ళతో ఎదురుచూస్తున్నాము."

తక్కిన ఇరవైతొమ్మిదిమందీ నా నవలని ఏ విధంగా చదివి ఉంటారో ఊహించడానికి నాకు వేరే సాక్ష్యం అక్కరలేదు.

నవల ముగిసేసరికి నా పద్దు ఇలా ఉన్నది. మొదటి భాగం తెరిచినవారు 412. రెండోది 163. మూడోది 88. ఇరవైనాలుగోది 46. చుక్కల సగటు 4.9. ఈ చివరి అంకెను చూసి కొన్నాళ్ళు నేను పొంగిపోయిన మాట దాచను. తరవాత ఒక రాత్రి, ఆఫీసులో ఖాతాలు సరిచూసే అలవాటు కొద్దీ, ఆ 46లోంచి బృంద సభ్యుల్ని తీసివేసి చూశాను. పదిహేడు మిగిలింది. పదమూడు నెలల పాటు నేను పోగుచేసుకొన్న పాఠకసంపద పదిహేడుగురు. వారిలో ఒక్కరు కూడా బృందం ద్వారా వచ్చినవారు కారు. ఎలా వచ్చారో, ఏమి ఆశించి వచ్చారో, ఏది నచ్చి చివరిదాకా ఉన్నారో నేనెప్పుడూ అడిగిన పాపాన పోలేదు. ఆదివారాలన్నీ బాకీలు తీర్చడంతోనే సరిపోయింది.

2

ఇంతటితో ఆగితే ఇది నా మూర్ఖత్వపు కథ మాత్రమే అయ్యేది. నాకంటె ఎక్కువ నష్టపోయినవారు మరొకరున్నారు.

ఆ బృందంలో ప్రకాశం జిల్లాలోని ఒక చిన్న ఊరినుంచి వ్రాసే గృహిణి ఒకావిడ ఉండేవారు. పిల్లలు నిద్రపోయాక చరవాణి మీదే టంకించి ప్రచురించేవారు. ఒకనాడు ఆవిడ నాకు విడిగా సందేశం పంపారు.

"సర్, నా నవల ఎనిమిదో భాగం కింద మీరు 'శారద పాత్ర చాలా సహజంగా ఉన్నది, మున్ముందు ఆమె ఏం చేస్తుందో చూడాలని ఉన్నది' అని వ్రాశారు. శారద ఆరో భాగంలోనే చనిపోయింది సర్. మీరు చదవలేదాండీ?"

నేను జవాబివ్వలేదు. ఏమని ఇస్తాను? రెండురోజులాగి, "పొరపాటున వేరొకరి కథకు వ్రాయబోయి మీ కథకు వ్రాశాను" అని ఒక అబద్ధం పంపాను. వేరొకరి కథలో ఏ శారద ఉన్నదని ఆవిడ అడగలేదు. అడగకపోవడం ఆవిడ మర్యాద.

మరుసటి సంవత్సరం ఆవిడ ఆ నవలను పుస్తకంగా వేశారు. దాని కింద నాలుగువందల పైచిలుకు వ్యాఖ్యలున్నాయి. అందులో ఒక్కటైనా తప్పెన్నినది లేదు. "దీన్ని పుస్తకంగా తెండి, మొదటి ప్రతి నాదే" అన్నవారు ఎందరో. ఆ మాటల్ని నమ్మి, చీటీ పాడిన డబ్బుతో ఐదువందల ప్రతులు అచ్చువేయించారు. ఏడాది తిరిగేసరికి అమ్ముడుపోయినవి ముప్ఫైఒకటి. తక్కినవి వారింట్లో మంచం కింద అట్టపెట్టెల్లో ఉన్నాయి. ఆ నవలలో రెండో సగం బిగి తప్పిందనీ, శారద చనిపోయాక కథకు ఇరుసు లేకుండా పోయిందనీ ఆ నాలుగువందలమందిలో ఒక్కడు చెప్పి ఉంటే, ఆవిడ దాన్ని తిరగవ్రాసి ఉండేవారు. ఆ శక్తి ఆవిడకున్నది. మొదటి సగమే అందుకు సాక్ష్యం.

పొగిడి మునగచెట్టు ఎక్కించడమని తెలుగులో ఊరికే అనలేదు. మునగకొమ్మ పెళుసు. ఎక్కించినవాడు కింద క్షేమంగానే ఉంటాడు, విరిగేది ఎక్కినవారి నడుము. ఆ ఐదు చుక్కలు నేను ఔదార్యం కొద్దీ ఇచ్చాననుకొన్నాను. నిజానికి అవి నా బాకీ తీర్చుకోవడం కోసం ఆవిడ చేతిలో పెట్టిన చెల్లని నోట్లు.

3

ఈ మాట అనగానే ఒక వర్గంవారు సంతోషిస్తారని నాకు తెలుసు. "మేము ముందే చెప్పలేదా? నికార్సయిన సాహిత్యానికి ఈ తాపత్రయమెందుకు? మంచి రచన తన పాఠకుణ్ణి తానే వెతుక్కుంటుంది" అనే పెద్దలు వారు. వారితోనూ నాకు పేచీ ఉన్నది.

మంచి రచన తనంతట తాను ఎవర్నీ వెతుక్కోదు. దానికి కాళ్ళు లేవు. ఒకప్పుడు పత్రిక దాన్ని మోసుకొనిపోయేది. 1924లో మొదలైన భారతి 1991లో ఆగిపోయింది. 1978లో మొదలై నెలనెలా ఒక నవలని ఇంటింటికీ చేర్చిన చతురా, దానితోపాటు పుట్టిన విపులా 2021 నాటికి నిలిచిపోయాయి. ఆ పత్రికల్లో కథ పడితే, రచయిత చేయవలసిన పని ఆ రోజుతో అయిపోయేది. అచ్చువేయడం, పంచడం, కిళ్ళీకొట్టులో దారానికి వ్రేలాడదీయడం ఇతరుల పని. సంపాదకుడు ఎంచినాడన్న నమ్మకమే కొత్తవాడి కథను కూడా చదివించేది. ఆ రోజుల్లో పేరు తెచ్చుకొన్నవారు, "మేమెన్నడూ పాఠకుల వెంటబడలేదు" అని ఇప్పుడు చెప్పుకోవడం న్యాయం కాదు. వారి తరఫున వెంటబడినవారు వేరే ఉండేవారు, అంతే. ఇవాళ ఊరిలో కూర్చొని వ్రాసే అమ్మాయికి తెరిచి ఉన్న తలుపులు బహు కొద్ది. 2006లో టొరొంటోలో పుట్టిన వాట్‌ప్యాడ్ గానీ, 2014లో బెంగళూరులో మొదలై తెలుగును కూడా కలుపుకొన్న ప్రతిలిపి గానీ, ఇటువంటి స్థలాలన్నీ ఆ తలుపుల్లో ముఖ్యమైనవి. ఆ గడపలో నిలబడినవాళ్ళను చూసి ముక్కు చిట్లించడం తేలిక.

పైగా, పాఠకుణ్ణి వెతుక్కుంటూ పోవడం మన సంప్రదాయానికి విరుద్ధమన్నదెవరు? తిరుపతి వేంకటకవులు గద్వాల, ఆత్మకూరు, వేంకటగిరి అంటూ సంస్థానాలు తిరిగి అవధానాలు చేశారు. ఇంట్లో కూర్చొని కీర్తి వచ్చి తలుపు తట్టాలని చూడలేదు. పద్యమంటే పండితుల సొత్తు అనుకొన్నవారికి కూడా ఆ సభలవల్ల పద్యం మీద మోజు పుట్టింది. పాఠకుల్ని సంపాదించుకోవడమంటే అది.

అయితే ఆ అవధాన సభకూ, నేనున్న వాట్సాప్ బృందానికీ ఉన్న భేదాన్ని గమనించండి. అవధానిని కూర్చోబెట్టి చుట్టూ చప్పట్లు కొట్టేవారిని మాత్రమే నియమించరు. పృచ్ఛకుల్ని కూర్చోబెడతారు. ఒకరు ఈ అక్షరం వాడరాదని నిషేధిస్తారు. ఒకరు పొంతనలేని సమస్య ఇస్తారు. ఒకరు అప్రస్తుత ప్రసంగంతో ధారను తెంపజూస్తారు. ఇన్ని అడ్డంకుల మధ్య పద్యం నిలబడితేనే చప్పట్లు. అందుకే ఆ చప్పట్లకు విలువ. పృచ్ఛకులందరూ ముందే కూడబలుక్కొని "మీరు ఏది చెప్పినా భేష్ అంటాం, రేపు మా అవధానానికి వచ్చి మీరూ భేష్ అనండి" అన్నారనుకోండి. దాన్ని అవధానమనరు.

4

ఇక రెండో వర్గం, అంటే పాఠకుల్ని పెంచే చిట్కాలు నేర్పేవారు. వీరు విజయగాథలు ఉదాహరిస్తారు. 2013లో అన్నా టాడ్ అనే అమెరికన్ యువతి వాట్‌ప్యాడ్‌లో "ఆఫ్టర్" అనే నవలను భాగాలుగా వ్రాయడం మొదలుపెట్టింది. 2014లో అది అచ్చయింది. 2019లో చలనచిత్రమైంది. నిజమే. ఆ ఏడాది అక్కడ మొదలై, తెరిచినవారు లేక మూలనపడిన నవలల పేర్లు మాత్రం ఏ చిట్కాల వ్యాసంలోనూ ఉండవు. లాటరీ తగిలినవాడి ఫోటోనే దుకాణం ముందు పెడతారు.

అదే కోవలో, వీరు అంతగా ప్రస్తావించని మరో ఉదాహరణ నాకు ఎక్కువ నచ్చుతుంది. ఆండీ వెయిర్ అనే కంప్యూటరు ప్రోగ్రామరు "ది మార్షియన్" అనే నవలని ఒక్కొక్క అధ్యాయంగా తన సొంత జాలస్థలంలో ఉచితంగా పెట్టాడు. అతని పాఠకుల్లో సైన్సు తెలిసినవారు చాలామంది. వారు లెక్కల్లో, రసాయనశాస్త్రంలో దొర్లిన తప్పులు పట్టుకొని ఉత్తరాలు వ్రాసేవారు. అతను దిద్దుకొనేవాడు. చదువుకోవడానికి వీలుగా దాన్ని ఈ-పుస్తకంగా పెట్టమని అడిగినది కూడా ఆ పాఠకులే. 2011లో కిండిల్‌లో 99 సెంట్లకు పెట్టాడు. 2014లో పెద్ద ప్రచురణసంస్థ వేసింది. 2015లో సినిమా వచ్చింది. ఇక్కడ సినిమా రావడం ముఖ్యం కాదు. తప్పు పట్టినవారే ఆ పుస్తకాన్ని మొదట నెత్తికెత్తుకొని ఊరేగించారన్నది ముఖ్యం. తప్పు పట్టినవాడు ముందుగా చదివి ఉండాలి గదా! చదివినవాడికే పదిమందికి చెప్పే హక్కూ, ఉత్సాహమూ కలుగుతాయి. చదవకుండా ఐదు చుక్కలిచ్చినవాడు ఆ కథ పేరు సాయంత్రానికే మరచిపోతాడు.

అంకెల్ని చూసి బెంబేలెత్తేవారికి ఇంకొక పాతకథ. డికెన్స్ "పిక్విక్ పేపర్స్"ను 1836లో నెలనెలా భాగాలుగా వెలువరించడం మొదలుపెట్టినప్పుడు, మొదట్లో అమ్మకాలు వందల్లోనే ఉన్నాయి. నాలుగో భాగంలో శామ్ వెల్లర్ అనే పాత్ర ప్రవేశించాక కథ మారింది. చివరి భాగాలనాటికి నలభైవేల ప్రతులు. మొదటి మూడు భాగాలకు జనం రాలేదని అతను చదివింపుల బృందంలో చేరి ఉంటే, జనానికి ఏ పాత్ర నచ్చిందో అతనికి తెలిసేదే కాదు. అన్ని భాగాలకూ ఒకే మోతాదులో పొగడ్తలు వచ్చిపడేవి. నిజమైన అంకె చిన్నదైనా చూపు ఇస్తుంది. దొంగ అంకె ఎంత పెద్దదైనా కళ్ళకు గంతలే.

5

"సరే, తిట్టడం అయింది. మరి కొత్తవాడు ఏం చేయాలి?" అని అడుగుతారు. అడగాలి కూడా. నేను 2022 చివర్లో ఆ బృందంలోంచి బయటపడి, రెండో నవలను ఏ బృందమూ లేకుండా ప్రచురించాను. దాని చివరి భాగాన్ని తెరిచినవారు 143 మంది. ఈ అంకె ఎవర్నీ ఆశ్చర్యపరచదు. కానీ పదిహేడునుంచి నూట నలభైమూడుకు నేను ఏ త్రోవన వచ్చానో నాకు తెలుసు, ఆ త్రోవలో ఎవర్నీ మోసగించలేదు. అందుచేత చెబుతున్నాను.

మొదటిది, నవలను పూర్తిగా వ్రాసి పెట్టుకొన్నాకే మొదటి భాగాన్ని బయటపెట్టాను. ఈ స్థలాల్లో పాఠకుడు తిన్న దెబ్బలన్నిటిలోకీ పెద్దది, సగంలో ఆగిపోయిన ధారావాహిక. "అనివార్య కారణాలవల్ల" అంటూ మాయమైన రచయితలు వందలమంది. అందువల్ల అనుభవజ్ఞుడైన పాఠకుడు కొత్త పేరు చూస్తే ముందు భాగాలెన్నో లెక్కపెడతాడు. ప్రతి శనివారం ఉదయం ఆరింటికి ఒక భాగమని మొదటిరోజే ప్రకటించి, ముప్ఫై శనివారాలు మాట తప్పలేదు. వారపత్రికల కాలంలో పాఠకుణ్ణి పట్టి ఉంచినది ఉత్కంఠ ఒక్కటే కాదు, పత్రిక వచ్చే రోజు కూడా. ఆ రోజును మనం తిరిగి కల్పించుకోవాలి.

రెండోది, పరిచయవాక్యం. నా మొదటి నవలకు నేను వ్రాసిన పరిచయం: "మానవసంబంధాల నడుమ నలిగిపోయిన ఒక మనసు వేదన." ఇది ఏ నవలకైనా అతుకుతుంది, కాబట్టి దేనికీ అతకదు. రెండోదానికి ఇలా వ్రాశాను: "తండ్రి పోయిన పదకొండోరోజున, ఆయన చొక్కా జేబులో ఇంట్లో ఎవరికీ తెలియని ఒక తాకట్టు చీటీ దొరికింది." అంతే. ఎవరు, ఏమిటి, ఎప్పుడు. పాఠకుడికి తలుపు చూపించాలి గాని ఇంటి వైభవాన్ని వర్ణించకూడదు.

మూడోది, ఏ గదిలో కూర్చోవాలన్నది. ప్రేమకథల విభాగంలో జనం ఎక్కువ కాబట్టి నా మొదటి నవలను, దానిలో ప్రేమ పిసరంతే ఉన్నా, అక్కడే పెట్టాను. 412 మంది తెరిచి, 163 మందే రెండో భాగానికి రావడానికి అదొక కారణం. ప్రేమకోసం వచ్చినవారు ఆస్తితగాదా చూసి వెళ్ళిపోయారు. వెళ్ళడం వారి హక్కు. పులిహోర అని పిలిచి చద్దన్నం పెడితే చద్దన్నానిది తప్పు కాదు, పిలిచినవాడిది. రెండోదాన్ని కుటుంబకథల్లో పెట్టాను. తెరిచినవారు తగ్గారు, నిలిచినవారు పెరిగారు.

నాలుగోది, "సశేషం". ప్రతి భాగాన్నీ "తలుపు చప్పుడైంది... ఎవరది?" అని ముగించి, తరువాతి భాగంలో "పాలవాడు" అని తేల్చే రచయితలున్నారు. రెండుసార్లు పాలవాడు వచ్చాక, మూడోసారి దొంగే వచ్చినా పాఠకుడు లేవడు. భాగం చివర్లో ప్రశ్న ఉండటం తప్పు కాదు. అది కథ అడిగిన ప్రశ్న కావాలి, రచయిత అరువు తెచ్చుకొన్నది కాకూడదు.

అయిదోది అన్నిటికంటె కష్టమైనది. వారానికి ఒకే ఒక్క కొత్త రచయితను ఎంచుకొని, ఒక కథను సాంతం చదివి, మూడు వాక్యాలు వ్రాయడం మొదలుపెట్టాను. నాకు గుర్తుండిపోయిన చోటు ఒకటి, చదవడం ఆపాలనిపించిన చోటు ఒకటి, తీరని సందేహం ఒకటి. చుక్కలు నిజాయితీగా ఇచ్చాను. మూడు ఇవ్వవలసిన చోట మూడే ఇచ్చాను. దాని ఫలితాలూ చెబుతాను. నలుగురు నన్ను నిషేధించారు. ఒకాయన నా నవల అన్ని భాగాలకూ ఒకే మధ్యాహ్నం ఒక్కొక్క చుక్క ఇచ్చి కక్ష తీర్చుకొన్నాడు. అయితే తక్కినవారిలో చాలామంది, "ఇతను నిజంగానే చదివాడే!" అన్న ఆశ్చర్యంతో నా కథ తెరిచారు. వారు బాకీ తీర్చడానికి రాలేదు, కుతూహలం కొద్దీ వచ్చారు. వచ్చినవారు తమకు తోచినది వ్రాశారు. నా పదకొండో భాగంలో ఒక కాలదోషం ఉన్నదని పట్టుకొన్నది వారిలో ఒకరే.

6

జాలస్థలాల యజమానులకూ ఒక మాట. మీరు "చదివినవారు" అని చూపిస్తున్న అంకె చాలాచోట్ల నిజానికి తెరిచినవారి సంఖ్య. దాన్ని తెరిచినవారనే పిలవండి. చివరిదాకా వచ్చినవారెందరో రచయితకు వేరుగా చూపించండి. పన్నెండువందల మాటల భాగానికి తెరిచిన ఇరవై సెకన్లలో పడ్డ ఐదు చుక్కల్ని లెక్కలోకి తీసుకోకండి. ఇది మీకు పెద్ద పని కాదు. అలా చేస్తే అంకెలు ఒక్కసారిగా కుంగిపోతాయని, రచయితలు చిన్నబుచ్చుకొని వెళ్ళిపోతారని మీ భయం కావచ్చు. కొందరు వెళతారు. మంచం కింద అట్టపెట్టెలు పెట్టుకొని ఏడవడం కంటె, ముందే చిన్నబుచ్చుకోవడం మేలు.

సాటి రచయితలకు నా విన్నపం ఇంకా చిన్నది. చదవని కథకు చుక్కలివ్వకండి. ఇచ్చినవారికి కృతజ్ఞతలు చెప్పకండి. మొహమాటం అడ్డొస్తే మౌనంగా ఉండండి. మౌనం ఎవరి చేతా పుస్తకం అచ్చువేయించదు.

చివరగా, నా బాకీ సంగతి. పోయిన సంవత్సరం ఆ ప్రకాశం జిల్లా ఆవిడ నవలని డబ్బు పంపి తెప్పించుకొన్నాను. మొదటి పుటనుంచి చివరి పుట దాకా రెండుసార్లు చదివాను. శారద ఆరో భాగంలో నిజంగానే చనిపోయింది. ఆ మరణాన్ని ఆవిడ ఎంత నిబ్బరంగా వ్రాశారో చూసి, ఆనాడు నేను చదవకుండా జార్చినది ఇదా అని సిగ్గుపడ్డాను. నాలుగు పుటల ఉత్తరం వ్రాశాను. ముందుగా నా పాత అబద్ధాన్ని ఒప్పుకొన్నాను. తరవాత రెండో సగంలో కథ ఎక్కడెక్కడ సడలిందో, ఏ అధ్యాయాలు తీసివేయవచ్చునో చెప్పాను. భాషలో దోషాలని నాకు తోచినవి కూడా ఏకరువు పెట్టాను. వాటిలో ఒకటి: "పెరట్లో గాబు అన్నారు, తొట్టి అంటే అందరికీ తెలుస్తుంది."

మూడువారాలకు జవాబు వచ్చింది. పొగడ్తా లేదు, నిష్ఠురమూ లేదు. "అన్నయ్యగారూ, మీరు తీసేయమన్న మూడు అధ్యాయాల్లో రెండు తీసేస్తున్నాను. మూడోది తీయను, ఎందుకో మళ్ళీ వ్రాశాక మీకే తెలుస్తుంది. గాబు మాత్రం మార్చనండీ. మా వైపు తొట్టి అంటే గొడ్లకు కుడితి పోసేది. నీళ్ళు నిలవచేసుకొనేది గాబే. శారద గొడ్ల తొట్టిలో నీళ్ళు ముంచుకొని తాగదు గదా!"

ఆవిడన్నదే సరైనది. ఆ ఉత్తరాన్ని చదివింపుల పుస్తకంలో ఏ పద్దు కింద వ్రాయాలో నాకు తెలియలేదు, కాబట్టి వ్రాయలేదు.